గట్టు కోతలో పాత వరదలు

మా స్టూవర్టుపురం వైపు పార దించితే ఇసుకే. పాత సముద్రతీరపు తిన్నెలివి. రేపల్లె దాటి కృష్ణ లంకల్లోకి వెళ్తే, ఏరు కోసిన గట్టు మీద చారలు కనిపిస్తాయి: కింద గరుకు ఇసుక, పైన మెత్తటి ఒండ్రు, మళ్లీ ఇసుక. నాకు అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు. వరద నెమ్మదించేకొద్దీ బరువైన రేణువును ముందు, సన్నమట్టిని ఆఖర్న దించుతుంది. అందుకే చాలాచోట్ల ఒక్కో ఇసుక-ఒండ్రు జత ఒక్కో వరద.

2009 అక్టోబరులో కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో ఇంకా ఎక్కువ. అక్కడి 1855 నాటి ఆనకట్టకు ముందటి వరదల గురించి మాత్రం మట్టినే అడగాలి. వెలుతురు సోకకుండా ఉక్కు గొట్టం దిగగొట్టి తీసిన ఇసుక, చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో ప్రయోగశాలలో చెబుతుంది. పెన్నా మీది గండికోట లాంటి ఇరుకు లోయల్లోనైతే రాతి మూలల్లో పేరుకున్న ఒండ్రు ఎత్తే, నీరు కనీసం ఎంతవరకు లేచిందో చూపిస్తుంది.

వరదల్లాగే భూమి పగుళ్ల కదలికనూ కొలవొచ్చు, కానీ అది ఇంకా నిదానం. నిదానమైనా ఒక్కోసారి కుదుపు తప్పదు: 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లోని జీపీఎస్ కేంద్రం మన నేల ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోందని చూపుతోంది. కానీ ఒక పగులుకు రెండు పక్కలా కదలికలో తేడా ఏడాదికి మిల్లీమీటరులో కొంత వంతే అయితే, పట్టుకోవడానికి ఏళ్ల తరబడి కొలవాలి.

ఇసుక తవ్వేవాళ్లకు నా మనవి ఒక్కటే: పాత వరదల చారలున్న గట్టు కోత కనిపిస్తే, లారీ నింపేముందు దాన్ని స్కేలు పెట్టి ఫొటో తీయండి.