దుమ్ము దులుపుతూ విన్న జాజ్

ఇంట్లో మగవాళ్ళకి ఏదైనా పోగుచేసే సరదా ఉంటే, ఆ పోగుకి దుమ్ము దులిపే పని ఆడవాళ్ళకి వస్తుంది. స్టాంపులైనా, నాణేలైనా, పుస్తకాలైనా ఇదే వరస. కొనేటప్పుడు వాళ్ళకి ఆనందం, సర్దేటప్పుడు మనకి నడుంనొప్పి! మా ఇంట్లో ఆ సరదా పేరు జాజ్. సింహాచలం కొండ కింద, అడివివరం వైపు ఉన్న మా మూడు గదుల ఇంట్లో 1,400 చిల్లర జాజ్ సీడీలున్నాయి. "అప్పన్న సన్నిధిలో ఉండి ఈ బాకాల గోలేంటి వదినా?" అని మా ఆడపడుచు ఇప్పటికీ నవ్వుతుంది.

మావారు సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఓడ ఎక్కితే ఆరు నెలలు, ఒక్కోసారి తొమ్మిది నెలలు. తిరిగొచ్చేటప్పుడు మిగతా ఓడల వాళ్ళ ఇళ్ళకి సెంటు సీసాలు, చీరలు, టేప్‌రికార్డర్లు వచ్చేవి. మా ఇంటికి సీడీలు వచ్చేవి. సింగపూర్లో కొన్నవి, రాటర్‌డామ్‌లో కొన్నవి, హాంబర్గ్‌లో కొన్నవి. ఒక్కోటి మన డబ్బుల్లో ఐదు వందల దాకా పడేది. 1995లో పది గ్రాముల బంగారం ఐదు వేలలోపే ఉండేది. అంటే ఎనిమిది సీడీలు కొన్న డబ్బు పెడితే ఓ కాసు బంగారం వచ్చేసేదన్నమాట! పెళ్ళయిన కొత్తలో ఈ లెక్క రోజుకోసారి వేసుకునేదాన్ని. తర్వాత మానేశాను. కారణం పెద్దదేం కాదు, వినడం మొదలుపెట్టాను.

అదీ ఇష్టపడి మొదలుపెట్టలేదు. ఆయన ఓడెక్కే ముందు నాకు అప్పజెప్పిన పనుల్లో ఒకటి, వానాకాలంలో వారానికోసారైనా ప్లేయర్ ఆన్ చేసి ఓ గంట నడపడం. లేకపోతే లోపల తేమ పట్టి పాడవుతుందని ఆయన భయం. సరే, ఎటూ నడపాలి కదా, ఏదో ఒక డిస్క్ పెట్టి బట్టలు మడతపెట్టుకునేదాన్ని. మొదట్లో గిన్నెలు దొర్లిన చప్పుడులాగే ఉండేది. మూడో వానాకాలానికి కాబోలు, ఒక పాట అయిపోయాక మళ్ళీ అదే పెట్టుకున్నాను.

జాజ్ అంటే ఏంటో మీకు తెలియకపోతే కంగారు పడకండి. మన కచేరీ వినే అలవాటుంటే సగం దూరం వచ్చేసినట్టే. కచేరీలో పల్లవి పాడతారు. తర్వాత నెరవు, స్వరకల్పన, చివర్న మృదంగానికి తని ఆవర్తనం, మళ్ళీ పల్లవికి వచ్చి ముగింపు. జాజ్‌లోనూ ముందు అందరూ కలిసి అసలు పాట వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ వంతులవారీగా దాని మీద సొంత కల్పన చేస్తారు. డ్రమ్ముల వాడికీ వంతు వస్తుంది. చివరికి మళ్ళీ మొదటి పాటకే చేరతారు. తేడా ఏమిటంటే, మనకి రాగం కట్టుబాటు, వాళ్ళకి ఎక్కువగా స్వరాల గుత్తుల వరస కట్టుబాటు. 1959లో మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో ఆ గుత్తుల హడావిడి బాగా తగ్గించి, ఒక్కో స్వరస్థాయిలోనే చాలాసేపు నిలబడ్డాడు. అందుకే మనవాళ్ళ చెవికి ఆ రికార్డు తొందరగా పడుతుంది. కొత్తగా వినేవాళ్ళెవరడిగినా నేను అదే చేతిలో పెడతాను.

నన్ను పూర్తిగా లాక్కున్నది మాత్రం ఎల్లా ఫిట్జెరాల్డ్. 1960 ఫిబ్రవరిలో బెర్లిన్లో కచేరీ. వేలమంది జనం. 'మ్యాక్ ద నైఫ్' అనే పాట మధ్యలో ఆవిడకి సాహిత్యం మరుపొచ్చింది. ఆగిపోలేదు సరికదా, మాటలు మర్చిపోయానన్న సంగతిని కూడా అదే తాళంలో, అక్కడికక్కడ కట్టిన మాటల్లో పాడేసింది! మాటలు దొరకనిచోట వట్టి అక్షరాలతో మన స్వరకల్పనలా నడిపించింది. ఆ రికార్డుకి గ్రామీ బహుమతి కూడా వచ్చింది. పేరంటంలో పాట మధ్యలో చరణం మర్చిపోయి తల దించుకున్న మనందరం ఒక్కసారైనా వినాల్సింది అది.

తుడుస్తూ తుడుస్తూ ఉంటే ఇంకో సంగతి గమనించాను. మావారి అరల్లో నూటికి తొంభై మగవాళ్ళ పేర్లే. ఆడవాళ్ళు లేక కాదు. వాళ్ళు పాడారు, పియానో వాయించారు, పెద్ద పెద్ద బ్యాండ్లకి సంగీతం రాసిచ్చారు. మేరీ లూ విలియమ్స్ 1930లలోనే యాండీ కర్క్ బ్యాండుకి సంగీతం కూర్చింది. బిల్లీ హాలిడే 1939లో, చెట్టుకి వేలాడదీసి చంపిన నల్లవాళ్ళ గురించి 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాడితే ఆవిడ మామూలు కంపెనీ రికార్డు చెయ్యనంది. కమడోర్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. ఇవన్నీ తెలిశాక నేనే మావారికి జాబితా రాసి ఇవ్వడం మొదలుపెట్టాను. ఓడ వెళ్ళేటప్పుడు పచ్చళ్ళ సీసాలతో పాటు ఆ కాగితమూ సర్దేదాన్ని. ఇప్పుడు ఉన్నవాటిలో రెండు వందల పైన నా జాబితాలవే.

పాలకొల్లు నుంచి ఎంత దూరం?

ఇది మనది కాని సంగీతం అనుకోనక్కర్లేదు. డ్యూక్ ఎలింగ్టన్ 1963లో తన బృందంతో మన దేశానికి వచ్చినప్పుడు, ఆ బృందం హైదరాబాదులోనూ వాయించింది. ఆ ప్రయాణం తర్వాత ఆయనా, ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్నూ కట్టిన 'ఫార్ ఈస్ట్ సూట్'లో ఒక పాటంతా ఢిల్లీలో విన్న గోరువంక గురించే. ఆ కూతని క్లారినెట్ మీద వాయిస్తారు. మా జామచెట్టు మీద పిట్టలు కూడా జవాబిస్తాయేమోనని కిటికీ తెరిచి పెట్టి చూశాను. ఒక్కటీ పలకలేదనుకోండి!

మన మాండలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. 1983లో, పద్నాలుగేళ్ళ పిల్లాడుగా, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత 'రిమెంబర్ శక్తి' బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నాడు. ఆ మెక్‌లాఫ్లిన్ 1969లో మైల్స్ డేవిస్ దగ్గర గిటారు వాయించినవాడే. అంటే పాలకొల్లుకీ, 'కైండ్ ఆఫ్ బ్లూ'కీ మధ్య ఒక్క మనిషే అడ్డం.

ఇక ఆలిస్ కోల్ట్రేన్. ఆవిడ కథ నేను మా వీధి ఆడవాళ్ళకి చాలాసార్లు చెప్పాను. భర్త జాన్ కోల్ట్రేన్ 1967లో నలభై ఏళ్ళకే పోయాడు. అప్పటికి ఆవిడకి ముప్ఫై నిండలేదు, నలుగురు పిల్లలు. ఆయన ఆర్డరిచ్చిన హార్ప్ వాయిద్యం ఆయన పోయాక ఇంటికొచ్చింది. ఆవిడ దాన్ని వాయించడం నేర్చుకుంది. 1971లో వచ్చిన 'జర్నీ ఇన్ సచ్చిదానంద'లో తంబురా శ్రుతి మీద ఆ హార్ప్ వింటే వెన్నెల్లో కూర్చున్నట్టుంటుంది. తర్వాత సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి, తాను పాడిన భజనల్ని ఆశ్రమం వాళ్ళ కోసం మాత్రమే క్యాసెట్లుగా చేసింది. బయటి లోకానికి అవి బాగా తెలిసింది 2017లో సీడీగా వచ్చాకే. ఆవిడ 2007లోనే పోయింది. 2018 కార్చిచ్చులో ఆశ్రమ మందిరం కాలిపోయింది. పాటలు మాత్రం మిగిలాయి, ఎవరో అసలు టేపులు జాగ్రత్తగా దాచారు కాబట్టి.

కలరా ఉండలు వద్దు

దాచడం దగ్గరికి వద్దాం, చాలామంది అడిగేది అదే. సీడీ డబ్బాతో కలిపి ఇంచుమించు వంద గ్రాములు. 1,400 అంటే 140 కిలోలు! పొడుగాటి ప్లైవుడ్ అర వేస్తే రెండేళ్ళకి నడుం వంగిపోతుంది. మేం రెండడుగులకో నిలువు చెక్క వేయించాం. మీటరు అరలో తొంభై ఐదు దాకా పడతాయి. పుస్తకాల్లా నిలబెట్టాలి, ఒకదానిమీదొకటి పేర్చకూడదు. కొండవైపు గోడ వానాకాలమంతా చెమ్మగానే ఉంటుంది, అందుకని గోడకీ బీరువాకీ మధ్య నాలుగు వేళ్ళ జాగా వదిలాం. ఈ ఊళ్ళో చెద సంగతి చెప్పనక్కర్లేదు. బీరువా కాళ్ళు నేలకి ఆనకుండా ఇనప కాళ్ళు పెట్టించాం.

చీరల్లో వేసినట్టు కలరా ఉండలు మాత్రం వెయ్యకండి. సీడీ డబ్బా చేసే ప్లాస్టిక్‌కి ఆ ఆవిరి పడదు, మెత్తబడి జిగురవుతుంది. పక్కింటావిడ క్యాసెట్ల బీరువాలో వేస్తే డబ్బాలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఎండిన వేపాకు, బజార్లో దొరికే సిలికా పొట్లాలు చాలు. డిస్క్‌ని తుడవడమూ ఓ పద్ధతే. గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. మనం అందరం మెరిసే వైపే జాగ్రత్తగా చూస్తాం గానీ, అసలు సంగీతం ఉండే పొర బొమ్మ ఉన్న వైపే, పైపూత కిందే ఉంటుంది. అటు గీత పడితే ఇక అంతే. దానిమీద పెన్నుతో రాయడం, స్టిక్కర్లు అంటించడం వద్దే వద్దు. తేమలో సీడీని బూజు తినేయగలదని కూడా 2001లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు చెప్పారు.

ఇంత జాగ్రత్తా 2014 అక్టోబరు 12న అక్కరకి రాలేదు. హుద్‌హుద్ విశాఖని తాకిన రోజు అది. మధ్యాహ్నానికి హాలు కిటికీ అద్దం పగిలి, వాన అడ్డంగా లోపలికి కొట్టింది. మూడు వందల డిస్కులు తడిశాయి. మావారు సముద్రంలో ఉన్నారు, ఫోన్లు లేవు, కరెంటు రోజుల తరబడి లేదు. డిస్కులకేం కాలేదు, మంచినీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దితే సరిపోయింది. కష్టమంతా లోపలి పుస్తకాలతోనే. నున్నటి కాగితం మూసి ఆరితే అట్ట కట్టేస్తుంది. తడిగా ఉండగానే పేజీ పేజీ విడదీసి, మధ్య పాత న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి, హాల్లో తాళ్ళు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. నేనూ, మా ఇంట్లో పనిచేసే ఆవిడా, మూడు రోజులు. ఆవిడ ఎల్లా ఫొటో పట్టుకుని "ఈవిడెవరమ్మగారూ, నవ్వితే మా పెద్దమ్మ నాగున్నాది!" అంది. పెద్దమ్మ పాట కరెంటొచ్చాక వినిపించాను. శ్రీనివాస్ ఆ సెప్టెంబరులోనే, నలభై ఐదేళ్ళకే పోయాడు. అతని సీడీ పై అరలో ఉండి తడవలేదు.

మా అబ్బాయి కెనడా నుంచి ఎప్పుడూ ఒకటే మాట. "అమ్మా, ఇవన్నీ ఫోన్లోనే ఉన్నాయి. ఇల్లు ఖాళీ చెయ్యండి." నిజమే, చాలావరకు ఉన్నాయి. ఆ పుస్తకాలు లేవు. ఎవరు బాస్ వాయించారు, ఏ రోజు, ఏ గదిలో, ఎందుకు... అవి చదువుకునే నేను ఇంత నేర్చుకున్నాను. అయినా వాడి మాట తోసిపుచ్చకుండా మధ్యాహ్నాలు నాలుగేసి డిస్కుల చొప్పున కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. నాణ్యత తగ్గకుండా ఎక్కిస్తే అన్నీ కలిపి ఒక హార్డ్ డిస్కులో పడతాయి. రెండు కాపీలు చేస్తున్నాను, ఒకటి మా చెల్లెలింట్లో ఉంచుతాను. ఒకే కప్పు కింద రెండూ ఉంటే ఇంకో హుద్‌హుద్‌కి దారి ఇచ్చినట్టే.

మావారికి చెవులు తగ్గాయి. ముప్ఫై ఏళ్ళు ఇంజను గదిలో ఆ హోరు మధ్య నిలబడితే ముందు పోయేవి సన్నటి, పై స్థాయి శబ్దాలట. బాస్ వినబడుతుంది, డ్రమ్ముల మీది పళ్ళేల గలగల వినబడదు. వినికిడి మిషన్ మాటలకి పనికొస్తుంది గానీ, పాటకి అంత నప్పదు. ఇన్నేళ్ళు పోగుచేసినాయన సగం సంగీతమే వింటున్నారని మొదట నాకు గుండె పిండేసినట్టయింది. ఆయన మాత్రం తేలిగ్గానే ఉన్నారు. సాయంత్రం ఇద్దరం కూర్చుంటాం. "ఇప్పుడు పళ్ళేలు వేస్తున్నాడా?" అని అడుగుతారు. "వేస్తున్నాడు, వాన చినుకుల్లా" అంటాను. తల ఊపుతారు. ఒక్కోసారి నేను చెప్పకముందే వేలితో సరిగ్గా ఆ చోట తాళం వేస్తారు. అంతా బుర్రలో ఉంది కదా!

ఆయన అరలు వాయిద్యాల వారీగా ఉండేవి. రిటైరయ్యాక "నీ ఇష్టం వచ్చినట్టు సర్దుకో" అన్నారు. నేను వేళల ప్రకారం సర్దాను. పొద్దున్న వంట వేళకి, మధ్యాహ్నం నిద్రకి, దీపాలు పెట్టాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. చూసినవాళ్ళు నవ్వుతారు గానీ, వెతుక్కోకుండా దొరుకుతాయి. రాతబల్ల మీద రెండు వందల పేజీల పుస్తకం ఒకటి ఉంది, అందులో అన్నీ తెలుగు అక్షరాల వరసలో రాసుకున్నాను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ దగ్గర, ఎల్లా ఎ దగ్గర, మైల్స్ మ దగ్గర.

ఆ పుస్తకం చివరి పేజీలు అరువు ఖాతా. వెనక వీధిలో వయొలిన్ నేర్చుకునే ఇంటర్ పిల్ల ఒకతి ఆదివారాలు వస్తుంది. ఒకసారికి రెండే ఇస్తాను, తేదీ వేసి సంతకం పెట్టించుకుంటాను. వాళ్ళ నాన్నగారు పాత కంప్యూటర్లో సీడీ పెట్టే అరని బాగుచేయించారట. కిందటి వారం బిల్లీ హాలిడే తీసుకెళ్ళి, "ఆంటీ, ఈవిడ గొంతు వయొలిన్‌లో పట్టుకోవచ్చా?" అని అడిగింది. ప్రయత్నించమన్నాను. ప్రస్తుతం ఎల్లా బెర్లిన్ కచేరీ, ఆలిస్ కోల్ట్రేన్ వాళ్ళింట్లో ఉన్నాయి. వచ్చే ఆదివారం తిరిగి రావాలి.