బిగ్ ఫోర్‌లో చోటు దొరక్కపోతే అకౌంటెంట్‌కు ఎదుగుదల లేదా?

సీఏ ఇంటర్ ఫలితాలు రాగానే ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే శిక్షణ) వెతుకులాట మొదలవుతుంది. పిల్లల నోట వినిపించేవి నాలుగే పేర్లు: డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ. వాటిలో చోటు దొరకనివాళ్లు అక్కడితో తమ దారి మూసుకుపోయిందని కుంగిపోతారు. కానీ హైదరాబాద్‌కు దక్షిణాన, మహేశ్వరం మండలంలో మంఖాల్ ఉంది. అక్కడి ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీలు, పక్కన రావిర్యాల ఈ-సిటీ, కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్, ఔటర్ రింగ్ రోడ్డు మీద కాస్త ముందుకు వెళితే 2008లో మొదలైన శంషాబాద్ విమానాశ్రయం, దాని కార్గో, ఏరోస్పేస్ సెజ్. వీటన్నిటికీ లెక్కలు రాసేవాళ్లు, సరిచూసేవాళ్లు, సంతకం పెట్టేవాళ్లు కావాలి. ఈ దారి మీద పేరుకున్న అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: పెద్ద సంస్థ సంతకానికే విలువ.

వాస్తవం: 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం సీఏలందరికీ ఒకే సభ్యత్వం ఇచ్చింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం టర్నోవర్ ఎంత తక్కువైనా ప్రతి కంపెనీకీ ఆడిట్ తప్పనిసరి. ఇద్దరు ముగ్గురు పనిచేసే ఆఫీసు నుంచి వెళ్లే ఆడిట్ రిపోర్టు మీదా, అంతర్జాతీయ సంస్థ రిపోర్టు మీదా ఉండేది ఒకే రకం 18 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య (యూడీఐఎన్). లిస్టెడ్ కంపెనీల ఆడిట్‌కు పీర్ రివ్యూ సర్టిఫికెట్ కావాలి. అర్హత ఉంటే చిన్న సంస్థ కూడా దాన్ని తెచ్చుకోవచ్చు.

పేరు పెద్దదైనంత మాత్రాన లెక్క సరైనదని భరోసా లేదని మన ఊరే చూసింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజు పుస్తకాల్లో చూపిన నగదులో చాలా భాగం అసలు లేదని ఒప్పుకున్నారు. ఆ లెక్కలను ఆడిట్ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్. ఆ తర్వాత కంపెనీని నిలబెట్టడానికి ప్రభుత్వం వేసిన బోర్డులో కూర్చున్న సీఏ టి.ఎన్. మనోహరన్. చెన్నైలో సొంత సంస్థ పెట్టుకుని ఎదిగిన ఆయనను 2010లో పద్మశ్రీ వరించింది. తెలుగువారికి ఇంకా పాత ఉదాహరణ ఉంది. పర్వతనేని బ్రహ్మయ్య 1932లో మొదలుపెట్టిన బ్రహ్మయ్య అండ్ కో ఇప్పటికీ విజయవాడ, చెన్నై, హైదరాబాద్‌లలో పనిచేస్తోంది.

అపోహ 2: ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో ఓచర్లు ఎక్కించడం తప్ప నేర్చుకునేది ఉండదు.

వాస్తవం: నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు తక్కువ. గేటు దగ్గర లారీ ఆగినప్పటి నుంచే లెక్క మొదలవుతుంది. కాంటా చీటీలోని బరువు, బిల్లులోని బరువు కలవాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు చూడాలి. సరఫరాదారు ఇచ్చిన బిల్లు జీఎస్టీ పోర్టల్‌లోని జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తేనే ఇన్‌పుట్ క్రెడిట్ దక్కుతుంది. సరఫరాదారుకు 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. ఆ సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న తరహా తయారీదారైతే, ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు. మించితే ఆ ఖర్చుకు ఆదాయ పన్నులో మినహాయింపు డబ్బు కట్టిన సంవత్సరంలోనే వస్తుంది. ఒక్క కొనుగోలు బిల్లు వెంట వెళితే స్టోర్సు, జీఎస్టీ, ఆదాయ పన్ను, నగదు ప్రణాళిక నాలుగూ తెలుస్తాయి.

ఇక బ్యాంకు. సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ ఉన్న యూనిట్ ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. స్టాకు 80 లక్షలు, అందులో సరుకు ఇచ్చినవాళ్లకు ఇంకా కట్టాల్సింది 30 లక్షలు అనుకుందాం. మిగిలిన 50 లక్షల్లో 25 శాతం మార్జిన్ తీస్తే ఆ స్టాకు మీద వాడుకోగలిగేది 37.5 లక్షలు. వచ్చిన బిల్లును పుస్తకంలో ఎక్కించడం మరిచిపోతే ఈ అంకె ఉత్తుత్తినే పెరుగుతుంది, లేని బలం ఉన్నట్టు చూపిస్తుంది. స్టాక్ ఆడిట్‌లో బయటపడితే యజమాని మాట బ్యాంకులో చెల్లదు. ఆ ఒక్క అంకె వెనక జీతాలు, కరెంటు బిల్లు, తర్వాతి ఆర్డరు ఉన్నాయని తెలిసిన అకౌంటెంట్‌కు వ్యాపారం అర్థమైనట్టే. పెద్ద ఆడిట్ బృందంలో కొత్తగా చేరినవాళ్ల చేతికి ఒక్కోసారి లెక్కలో ఒక ముక్కే వస్తుంది. ఇక్కడ మొత్తం లెక్క కళ్లముందు ఉంటుంది.

అపోహ 3: సాఫ్ట్‌వేర్ వచ్చింది కాబట్టి చిన్న చోట అకౌంటెంట్ అవసరం తీరిపోయింది.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ వల్ల బాధ్యత పెరిగింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో నమోదు చేసే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలకు ఈ-ఇన్‌వాయిస్ వచ్చింది. బిల్లు 2బీలో లేదని సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. ఎందుకు లేదో కనుక్కోవడం, సరఫరాదారుతో మాట్లాడి సరిచేయించడం, అప్పటిదాకా డబ్బు ఆపాలో వద్దో యజమానికి చెప్పడం మనిషి పని.

అపోహ 4: సీఏ పూర్తికాకపోతే ఈ రంగంలో భవిష్యత్తు లేదు.

వాస్తవం: తయారీ యూనిట్లలో కాస్ట్ అకౌంటెంట్‌కు ప్రత్యేక స్థానం ఉంది. నిర్దేశించిన పరిశ్రమల్లో టర్నోవర్ పరిమితి దాటితే కాస్ట్ రికార్డులు, కాస్ట్ ఆడిట్ తప్పవు. ఆ ఆడిట్ చేసేది కాస్ట్ అకౌంటెంటే, అంటే సీఎంఏ. కంపెనీల అంతర్గత ఆడిట్‌కు సీఏతో పాటు సీఎంఏను కూడా చట్టం ఒప్పుకుంటుంది. బీకామ్ చదివినవాళ్లు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదై, పరీక్ష రాసి సొంతంగా పనిచేయవచ్చు. సీఏ ఇంటర్ దగ్గర ఆగినవాళ్లు అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేరి మేనేజర్ల స్థాయికి వెళ్లిన దారి కూడా ఉంది. డిగ్రీ తలుపు తీస్తుంది. తర్వాత నిలబెట్టేది 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్ ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్-3బీ తప్పకుండా పూర్తిచేసే క్రమశిక్షణ.

అపోహ 5: సీఎఫ్ఓ కుర్చీ బిగ్ ఫోర్ నుంచి వచ్చినవాళ్లకే.

వాస్తవం: లిస్టెడ్ కంపెనీలకూ, చెల్లించిన మూలధనం 10 కోట్లు లేదా అంతకు మించిన పబ్లిక్ కంపెనీలకూ పూర్తికాలపు సీఎఫ్ఓ ఉండాలని చట్టం చెబుతుంది. ఆ మనిషి ఎక్కడ పనిచేసి రావాలో ఎక్కడా చెప్పలేదు. షెడ్డుగా మొదలైన యూనిట్ రేపు పబ్లిక్ కంపెనీ అయితే, మొదటి సీసీ లిమిట్ నాటి నుంచి లెక్క తెలిసిన మనిషికి ఆ కుర్చీ దగ్గరే. ఎగుమతులు చేసే యూనిట్లలో కస్టమ్స్, ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం), విదేశీ మారకం లెక్కలు నేర్చుకున్నవాళ్ల మాటకు బోర్డు గదిలో బరువు ఉంటుంది.

అపోహ 6: పెద్దది దొరక్కపోతే ఏ చిన్న ఆఫీసైనా ఒకటే.

వాస్తవం: ఒకటి కాదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పెద్ద సంస్థల్లో శిక్షణ క్రమబద్ధంగా ఉంటుంది, మొదటి జీతం బాగుంటుంది, పరిచయాలు పెరుగుతాయి. ఆ మేలు కాదనలేనిది. దాన్ని వదులుకునే చోట బదులుగా ఏం దొరుకుతుందో అడిగి తీరాలి. 2023 జులై 1 నుంచి కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్ 3 ఏళ్ల నుంచి 2 ఏళ్లకు తగ్గింది. తప్పు చోట ఒక ఏడాది పోతే సగం శిక్షణ పోయినట్టే.

చేరే ముందు ఈ ప్రశ్నలు మొహమాటపడకుండా అడగండి. ఒక క్లయింట్ పనిని మొదటి నుంచి బ్యాలెన్స్ షీట్ దాకా నాతో చేయిస్తారా? పన్ను నోటీసుకు జవాబు రాసేటప్పుడు పక్కన కూర్చోనిస్తారా? స్టాకు లెక్కింపుకు ఫ్యాక్టరీకి పంపుతారా? పరీక్షలకు సెలవు ఇస్తారా? తప్పుడు లెక్క మీద సంతకం పెట్టమని క్లయింట్ ఒత్తిడి చేస్తే మీరేం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే మనిషి దగ్గర, ఆఫీసు ఎంత చిన్నదైనా, ధైర్యంగా చేరండి.