చౌక చేతిగడియారము: ఇంటిలో చేసికొనదగిన మార్పులు, ఛాయాచిత్రము

చేతిగడియారమును ఇంటిలోనే బాగుచేసికొనవచ్చునా యని నన్నడుగువారు కలరు. మూత విప్పకుండ చేయదగిన పని చాల కలదు. ఆ పనిని గూర్చియు, దానికి ముందు గడియారమునకు ఛాయాచిత్రము తీయుట యేల యవసరమో దానిని గూర్చియు నేడు ముచ్చటించెదను.

మన పెద్దల పెట్టెలలో తఱచుగా కానవచ్చు హెచ్.ఎమ్.టి. జనతా గడియారమునే తీసికొందము. జపాను దేశపు సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో 1961లో బెంగుళూరున గడియారముల కార్ఖానా వెలసినది. అచట తయారైన జనతా, పేరునకు తగినట్లే సామాన్యుని గడియారము. దినమున కొకసారి కీ యిచ్చిన చాలును. లోపల 17 రాళ్ళుండును. సెకనునకు ఐదుమారులు కొట్టుకొనును. ఆ గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. పాత జనతాలను వెదకి కొనువారు నేడు చాలమంది కలరు. గిరాకి యున్నచోట మోసమును ప్రవేశించును. పాత డొక్కలో క్రొత్తగా రంగు వేసిన డయలును బిగించి, అసలుదేయని యమ్మువారు కలరు.

నాకు జరిగినదానిని చెప్పెదను. మా నాయనగారి జనతా 1983లో, నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిననాడు, నా చేతికి వచ్చినది. డయలుమీద ఆరవ గంట ప్రక్కను గోధుమవన్నె మచ్చ యొకటి యుండెడిది. నాయనగారు గడియారము తీయుట మఱచి మడిలోని నీటిలో చేయి పెట్టిననాటి తేమ యది. కొన్నియేండ్ల క్రిందట నొక పట్టణమున దుకాణములో నూనె వేయుటకై దాని నిచ్చితిని. వారము గడచి తీసికొనబోగా డయలు తళతళ మెఱయుచున్నది, మచ్చ లేదు. “పాత డయలేనండీ, కడిగి యిచ్చినాము” అని యతడు చెప్పెను. కడిగిన మచ్చ పోవునేమో గాని అక్షరములు లావెక్కునా? నాగరిలిపిలో నున్న ‘జనతా’ యను పేరు అంచులు చెదరి యుబ్బియున్నది. నాయొద్ద పాత డయలు చిత్రమేదియు లేదు. వాదించుట కాధారము లేక, డబ్బు చెల్లించి యింటికి వచ్చితిని.

అప్పటినుండి నే నొక నియమము పెట్టుకొంటిని: మరల యథాస్థితికి తేగల మార్పు మాత్రమే యింట చేయవలెను.

అట్టివానిలో మొదటిది పట్టీ. గడియారపు రెండుప్రక్కల కొమ్ముల నడుమ సన్నని పిన్ను లుండును. పిన్నులో స్ప్రింగు కలదు. కొన నొక్కిన కుదించుకొని యూడివచ్చును. ఊడివచ్చుట మాత్రమే కాదు, ఎగిరి యెచటనో పడును. అందుచే చేతులును గడియారమును స్వచ్ఛమైన ప్లాస్టికు సంచిలో నుంచి విప్పుడు. పిన్ను సంచిలోనే చిక్కును. కొమ్ముల నడుమ దూరమును మిల్లిమీటరులలో కొలిచి ఆ కొలత పట్టీనే కొనుడు. జనతాకు సాధారణముగా 18 సరిపోవును. చెమటపట్టు చేతులకు తోలుపట్టీ త్వరలో చీకును. రెండుపిన్నుల క్రిందుగను దూరిపోవు ఒకే ముక్క నైలానుపట్టీ మేలు. అందొక పిన్ను విఱిగినను గడియారము జాఱిపడదు. పాతపట్టీని పాఱవేయకుడు.

రెండవది అద్దము. జనతా అద్దము గాజు కాదు, అక్రిలికు ప్లాస్టికు. గోటితో తట్టిన మందమైన చప్పుడు వచ్చును. గాజు టకటక మోగును. ప్లాస్టికు గనుకనే గీతలు పడును, గనుకనే వానిని పోగొట్టవచ్చును. చుట్టునున్న లోహమునకు కాగితపు టేపు అంటించి, నూలుగుడ్డపై ఇత్తడి తోము బ్రాసో యొకచుక్క వేసి పది నిమిషములు వలయముగ రుద్దుడు. తెల్లని పండ్లపేస్టు కూడ పనిచేయును గాని నెమ్మదిగా. గోటికి తగులునంత లోతైన గీత దీనిచే పోదు. నీరు వాడకుడు. స్పిరిటు అసలే తగదు. అక్రిలికునందు సన్నని పగుళ్ళు పుట్టును. ఈ పనిచే అద్దము పైపొర కొంత యరుగుననుట నిజము. కాని అద్దమును మార్చుకొనవచ్చును, డయలును మార్చిన గడియారమే మాఱును.

డయలును, ముండ్లను ముట్టకుడు. మఱి, 1960లకు పూర్వపు విదేశీ గడియారము మీ యింట నున్నచో మూతయైన తెఱవకుడు. చీకటిలో వెలుగుటకై పెక్కింటికి రేడియము రంగు పూసెడివారు. వెలుగు చచ్చినను రేడియము చావదు. దాని శక్తి సగమగుటకు 1600 సంవత్సరములు పట్టును. గీకిన పొడి ఊపిరిలో బోవుట ప్రమాదము.

ఇక ఛాయాచిత్రము. మనుమల సెల్‌ఫోను చాలును. చిక్కెల్ల అద్దముతోనే. అద్దములో మీ ముఖమును, మీ తెల్లచొక్కాయు కనబడును. నల్లకాగితమునకు రంధ్రము చేసి, దానిగుండ ఫోనుకన్ను చూచునట్లు పట్టుకొనుడు. ఎండలో తీయకుడు. కిటికీ ప్రక్కను, నడుమ పలుచని తెల్లపంచె వ్రేలాడదీసి, గడియారమును బల్లపై నుంచుడు. ఫోనును పుస్తకముల దొంతిపై ఆనించుడు. మిక్కిలి దగ్గఱకు బోయిన ఫోనునీడ పడును, ఆకారమును వంకరయగును. కొంచెము వెనుకకు జరిగి బొమ్మను పెద్దది చేయుట మంచిది. ధూళిని నోటితో ఊదకుడు, మెత్తని కుంచెతో తుడువుడు.

ముందునాడు కీ యీయక గడియారమును ఆగనిండు. సెకనుముల్లు నిలిచియుండును. పిమ్మట ముండ్లను పదిగంటల పది నిమిషములకు త్రిప్పుడు. ప్రకటనలలో నట్లేల యుండునని కొందఱు కథలు చెప్పుదురు, అమెరికా అధ్యక్షుడు లింకను మరణసమయ మదియని. ఆయన 1865 ఏప్రిల్ 15న ఉదయము 7 గంటల 22 నిమిషములకు మరణించెను. పదియుంబది యైనచో ముండ్లు రెండు వైపులకు సమముగ విప్పారి, పండ్రెండు క్రిందనున్న పేరు కప్పబడదు. కారణ మింతియే. పూర్వకాలపు ప్రకటనలలో 8 గంటల 20 నిమిషములుకూడ ఉండెడివి.

బాగుచేయువాని కిచ్చుటకు ముందు నాలుగు చిత్రములు తీయుడు: డయలు మొత్తము, పేరున్నచోట దగ్గఱగా, వెనుకమూతపై చెక్కిన అంకెలు, ప్రక్కనుండి కీ. మూత తన యెదుట తెఱవుమని యతనిని కోరి లోపలి యంత్రమునకు కూడ ఒకటి. ఆ చిత్రములను తారీఖుతో కాగితముపై అచ్చువేయించి రసీదుతో కలిపి దాచుడు. ఫోను మాఱిననాడు చిత్రములు పోవుట మా యింటనే రెండుమారులు జరిగినది.