రాకేశ్ శర్మ: ‘వ్యోమగామి’ మాటలో ఇమడని వృత్తిజీవితం

రష్యన్లు వాడే ‘కాస్మోనాట్’ అనే పదానికి విశ్వనావికుడని అర్థం. తెలుగులో స్థిరపడిన ‘వ్యోమగామి’కి ఆకాశంలో పయనించేవాడని అర్థం. మొదటి పదంలో నౌకను నడిపే నేర్పు ధ్వనిస్తుంది; రెండవదానిలో ప్రయాణం మాత్రమే కనిపిస్తుంది. రాకేశ్ శర్మను స్మరించే తీరులోనూ ఈ తేడా గమనించదగినది. ఇందిరాగాంధీ ప్రశ్నకు ఇక్బాల్ గేయపంక్తితో ఆయన ఇచ్చిన సమాధానం లోకప్రసిద్ధం. ఆయన వృత్తి అంతగా ప్రచారంలోకి రాలేదు.

1949 జనవరి 13న పటియాలాలో జన్మించిన శర్మ హైదరాబాదులోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులో, నిజాం కళాశాలలో చదివారు. 1970లో వాయుసేనలో పైలటుగా నియమితులై, 1971 యుద్ధంలో మిగ్-21 నడిపారు. 1982లో రవీశ్ మల్హోత్రాతోపాటు ఎంపికై, సోవియట్ శిక్షణలో భాగంగా రష్యన్ భాషనూ అభ్యసించారు.

1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11 బైకనూరు నుంచి బయలుదేరింది. కమాండర్ యూరీ మలిషెవ్. ఫ్లైట్ ఇంజనీరు గెన్నడీ స్ట్రెకలోవ్. 1983 సెప్టెంబరు 26న ప్రయోగవేదికపైనే రాకెట్ మంటల్లో చిక్కుకోగా, రక్షణ వ్యవస్థ వల్ల ప్రాణాలతో బయటపడిన ఇద్దరిలో స్ట్రెకలోవ్ ఒకరు. అనుభవజ్ఞులకైనా ఈ వృత్తిలో ప్రమాదం ఎంత సమీపంలో ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది.

సల్యూట్-7లో శర్మ భారత భూభాగాన్ని చిత్రీకరించారు. భారరహిత స్థితిలో యోగాభ్యాస ప్రభావాన్ని పరీక్షించారు. 7 రోజుల 21 గంటల 40 నిమిషాల అనంతరం ఏప్రిల్ 11న భూమికి చేరారు. అశోకచక్ర, సోవియట్ యూనియన్ వీరుడు పురస్కారాలు పొందారు.

యాత్రతో ఆయన వృత్తి ముగియలేదు. వాయుసేన నుంచి విరమించాక హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌లో టెస్ట్ పైలటుగా కొత్త విమానాలను పరీక్షించారు. కనుక అంతరిక్షయాత్రను విడి అద్భుతంగా కాక, పరీక్షా వైమానికుని సుదీర్ఘ వృత్తిలో ఒక ఘట్టంగా పరిగణించడం సముచితం.