కొండపల్లి కొయ్యబొమ్మ: లఘుప్రతిమా శిల్పంగా పునఃపరిశీలన

ఉపోద్ఘాతం

నేటి సూర్యాపేట జిల్లాలోని నడిగూడెం మునగాల పరగణా జమీందారుల కేంద్రం. చుట్టూ నైజాం రాజ్యం ఉన్నప్పటికీ, 19వ శతాబ్ది చివర ఈ పరగణా మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందింది. 1959లో నల్లగొండ జిల్లాలో చేరింది. అందువల్ల ఈ ప్రాంతపు నాటి కళావస్తువులను అధ్యయనం చేసేవారు హైదరాబాదు ఆధారాలతోపాటు కృష్ణా జిల్లా ఆధారాలనూ పరిశీలించవలసి ఉంటుంది. ఆ జిల్లాలో అలంకరణ ప్రతిమలకు ప్రసిద్ధి చెందిన కేంద్రం బెజవాడ సమీపంలోని కొండపల్లి. అక్కడి కొయ్యబొమ్మను ఆటవస్తువుగా కాక శిల్పంగా ఎందుకు పరిగణించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

నిర్మాణ విధానం

ఈ బొమ్మలను తయారుచేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వికులు రాజస్థాన్ ప్రాంతం నుండి వచ్చారని చెప్పుకొంటారు. వారు వాడేది సమీప కొండలలో పెరిగే తెల్లపొణికి కర్ర. మెత్తగా, తేలికగా ఉండే ఈ కర్రను సన్నని సెగపై ఆరబెట్టి తేమ తొలగిస్తారు. రాతిశిల్పి ఒకే శిలను తొలుచుకుంటూ పోతాడు. కొండపల్లి కళాకారుడు మొండెం, చేతులు, తల మొదలైన భాగాలను వేర్వేరుగా చెక్కి అతుకుతాడు. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపి చేసిన ముద్దను ‘మక్కు’ అంటారు. అతుకులను కప్పడమే కాక, ముఖకవళికలను, దుస్తుల మడతలను తీర్చిదిద్దడానికీ మక్కు ఉపయోగపడుతుంది. ఆపై తెల్లని పూత పూసి, ఆరిన తరువాత రంగులు వేస్తారు.

అంటే ఇందులో చెక్కడం, అతకడం, మలచడం, చిత్రించడం అనే నాలుగు ప్రక్రియలు ఉన్నాయి. చేయి చాచిన భంగిమకు పెద్ద దుంగ అవసరం లేదు. తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, ఎడ్లబండి, అంబారీ ఏనుగు వంటి సంక్లిష్ట రూపాలు చిన్న పరిమాణంలో సాధ్యం కావడానికి ప్రధాన కారణం ఈ విధానమే.

‘బొమ్మ’ – వర్గీకరణ సమస్య

తెలుగులో ‘బొమ్మ’ అనే పదం ఆటవస్తువుకు, చిత్రానికి, ప్రతిమకు కూడా వర్తిస్తుంది. సంక్రాంతి, దసరా బొమ్మల కొలువులలో దశావతారాల పక్కనే గ్రామీణ వృత్తుల ప్రతిమలు కొలువుదీరుతాయి. అవి ఆడుకోవడానికి కాదు, చూడడానికి పేర్చినవి. 1908 నాటి ఇంపీరియల్ గెజిటీరు కొండపల్లిలో తేలిక కర్రతో చేసే చిన్న ప్రతిమలను, ఆటబొమ్మలను రెండింటినీ పేర్కొన్నది. తరువాతి వాడుకలో మాత్రం ‘ఆటబొమ్మ’ అన్న అర్థమే స్థిరపడింది.

ఇదే కాలంలో ఫ్రాన్సులో బారీ వంటి శిల్పుల చిన్న కంచు ప్రతిమలు అనేక ప్రతులుగా పోతపోయబడి, గృహాలంకరణకు అమ్ముడయ్యేవి. అయినా అవి శిల్పచరిత్రలో చోటు పొందాయి. కాబట్టి చిన్న పరిమాణం గానీ, ఒకే రూపం పునరావృతం కావడం గానీ ఒక వస్తువును శిల్పం కాకుండా చేయవు. ఫ్రెంచి కంచుపై శిల్పి పేరు ఉంటుంది. కొండపల్లి కొయ్యపై ఉండదు. నిర్ణాయకమైన తేడా ఇదే.

ముగింపు

కర్తృనామం లేకపోవడం కళాలోపం కాదు, అది కుటుంబాల సమష్టి ఉత్పత్తి పద్ధతికి గుర్తు. నేడు కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉన్నప్పటికీ, అది పేరుకు రక్షణ కల్పిస్తుందే తప్ప చరిత్రను నిర్మించదు. అతుకుల తీరు, మక్కు పొర, రంగుల స్వభావం ఆధారంగా పాత ప్రతిమలను కాలక్రమంలో అమర్చడం పరిశోధకుల ముందున్న పని. కర్రకు పురుగు, రంగుకు తేమ శత్రువులు. అందుచేత ఆ పని ఆలస్యమైన కొద్దీ ఆధారాలు తరిగిపోతాయి.