శత్రువులను కాపాడిన జపాన్ యుద్ధనౌక.. చివరికి అందులో ఒక్కరూ మిగల్లేదు! ఇకజుచి కథ

ముందు ఒక సీన్ ఊహించుకోండి.

1942 మార్చి 2. ఇప్పటి ఇండోనేషియాలోని జావా ద్వీపం దగ్గర సముద్రం. నీళ్ళ మీద నల్లటి ఆయిల్. అందులో వందల మంది నావికులు, ఎక్కువగా బ్రిటిష్ వాళ్ళు, ముందు రోజు మధ్యాహ్నం నుంచి తేలుతూనే ఉన్నారు. ఆయిల్ కళ్ళలో పడి కొంతమందికి చూపు కూడా ఆనట్లేదు. అప్పుడు దూరంగా ఒక షిప్ కనిపించింది. హమ్మయ్య అనుకోవాలి కదా? కానీ అది శత్రువు షిప్. ఇక మనల్ని కాల్చి పారేస్తారు అని ఫిక్స్ అయిపోయారు.

ఆ షిప్ పేరు ఇకజుచి. జపనీస్ భాషలో ఉరుము అని అర్థం. ఈరోజు మన ఎపిసోడ్ దీని గురించే.

ఫస్ట్, అసలు డిస్ట్రాయర్ అంటే ఏంటి? పెద్ద యుద్ధనౌకలకి కాపలాగా, వేగంగా తిరిగే చిన్న యుద్ధనౌక. ఇకజుచి 1932లో నేవీలో చేరింది. పొడవు దాదాపు 118 మీటర్లు, స్పీడ్ 38 నాట్లు, అంటే గంటకి సుమారు 70 కిలోమీటర్లు. సిబ్బంది 220 మంది దాకా ఉంటారు. దీనికి ముగ్గురు తోబుట్టువులు: అకత్సుకి, హిబికి, ఇనజుమ. నాలుగూ ఒకే డిజైన్.

ఇప్పుడు ఆ సముద్రం దగ్గరికి వద్దాం. మార్చి 1న ఎక్సెటర్, ఎన్‌కౌంటర్ అనే బ్రిటిష్ షిప్‌లు, పోప్ అనే అమెరికన్ షిప్ సురబయ నుంచి సిలోన్ వైపు తప్పించుకోబోయి జపాన్ నేవీకి దొరికిపోయాయి. మూడూ మునిగిపోయాయి. మర్నాడు అటుగా వచ్చిన ఇకజుచి కెప్టెన్ షున్సకు కుదో, నీళ్ళలో ఉన్నవాళ్ళని చూశారు.

ఇక్కడ రిస్క్ ఏంటో అర్థం చేసుకోండి. సబ్‌మెరైన్‌లు తిరిగే చోట షిప్ ఆపడం అంటే, రండి కొట్టండి అని నిలబడటమే. అయినా కుదో షిప్ ఆపించారు. నిచ్చెనలు, తాళ్ళు దింపించారు. ఒళ్ళంతా ఆయిల్ అయిన వాళ్ళని జపాన్ నావికులే తుడిచి శుభ్రం చేసి, బట్టలు, బిస్కెట్లు, పాలు ఇచ్చారు. అలా నాలుగు వందల మందికి పైగా పైకి తీశారు. అంటే షిప్‌లో సొంతవాళ్ళ కన్నా శత్రువులే ఎక్కువ!

ఆ తర్వాత వాళ్ళు యుద్ధఖైదీలు అయ్యారు. క్యాంపుల్లో జీవితం నరకం, చాలామంది చనిపోయారు కూడా. అదే జపాన్ నేవీలో 1943లో అకికజె అనే ఇంకో డిస్ట్రాయర్ మీద మిషనరీలతో సహా దాదాపు 60 మంది పౌరులని చంపేశారు. యూనిఫాం ఒకటే, నేవీ ఒకటే. నిర్ణయాలు మాత్రం వేరు. అందుకే కుదో చేసింది మామూలు విషయం కాదు అంటున్నాను.

1942లోనే కుదో వేరే షిప్‌కి మారిపోయారు. ఇకజుచి మాత్రం యుద్ధంలోనే ఉంది. అదే ఏడాది నవంబర్‌లో గ్వాడల్‌కెనాల్ దగ్గర రాత్రి యుద్ధంలో దెబ్బతింది. తోబుట్టువు అకత్సుకి అక్కడే మునిగిపోయింది.

1944 ఏప్రిల్ 13. గ్వామ్ ద్వీపానికి దక్షిణంగా, ఒక రవాణా నౌకకి ఎస్కార్ట్‌గా వెళ్తోంది ఇకజుచి. హార్డర్ అనే అమెరికన్ సబ్‌మెరైన్ అక్కడే ఉంది. దాని మీదకి ఇకజుచి దూసుకెళ్ళింది. సబ్‌మెరైన్ కెప్టెన్ సామ్యూల్ డీలీ పారిపోలేదు. 900 గజాల దాకా రానిచ్చి టార్పెడోలు వదిలాడు. ఐదు నిమిషాల్లోపే షిప్ మునిగిపోయింది. ఒక్కరూ బతకలేదు.

ఎందుకిలా? నేను కోడింగ్ చేసే రోజుల్లో నేర్చుకున్న పాఠం ఒకటుంది: సిస్టమ్‌ని ఒక పనికి ట్యూన్ చేస్తే ఇంకో పనిలో వీక్ అవుతుంది. ఈ షిప్‌లని పెద్ద నౌకల మీద టార్పెడోలతో దాడి చేయడానికి కట్టారు. సబ్‌మెరైన్‌ని వేటాడటం వాటి బలం కాదు.

ఇంకో విషయం. నాలుగు నెలల తర్వాత, ఆగస్టు 24న, ఫిలిప్పీన్స్ దగ్గర ఆ హార్డర్ కూడా మునిగిపోయింది. అందులోనూ అందరూ పోయారు. డీలీతో సహా.

మరి ఈ కథ మనదాకా ఎలా వచ్చింది? కుదో ఎవరికీ చెప్పుకోలేదు, 1979లో చనిపోయారు. ఆ రోజు ప్రాణాలతో బయటపడ్డ శామ్ ఫాల్ అనే బ్రిటిష్ ఆఫీసర్ తర్వాత పెద్ద దౌత్యవేత్త అయ్యారు. 1996లో తన పుస్తకంలో ఇదంతా రాశారు. 2008లో, దాదాపు 90 ఏళ్ళ వయసులో, జపాన్ వెళ్ళి కుదో సమాధి దగ్గర దండం పెట్టి వచ్చారు.

ఒక్కసారి ఆలోచించండి. శత్రువుని కాపాడిన షిప్ మునిగింది, మనుషులు పోయారు, కెప్టెన్ నోరు విప్పలేదు. ఆ మంచిపని గురించి లోకానికి చెప్పింది ఆ శత్రువే.

మీరే ఆ కెప్టెన్ అయితే షిప్ ఆపేవారా? నిజాయితీగా కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.