ఎఫ్‌ఐఆర్ కాపీ మీ చేతికి రావాల్సిందే

వానలు మొహం చాటేసిన ఏడాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం, రాయదుర్గం పల్లెల నుంచి బెంగళూరుకు పనికి పోయే కుటుంబాలు ఎన్నో. అక్కడ అద్దె గదిలో భర్త చేతి దెబ్బలు తిన్న ఆడమనిషి పిల్లల్ని వెంటేసుకుని పుట్టింటికే వస్తుంది. సొంతూరి స్టేషన్‌కు పోతే తరచూ వినిపించే మాట ఒకటుంది: "జరిగింది బెంగళూరులో కదమ్మా, అక్కడికే పోయి కంప్లైంట్ ఇచ్చుకో."

ఈ మాట చట్టానికి నిలవదు. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. అక్కడ నమోదు చేసి, సంబంధిత స్టేషన్‌కు పంపుతారు. గృహహింసలో అంతకన్నా గట్టి ఆధారమే ఉంది. 2019 ఏప్రిల్‌లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు, మెట్టినింటి నుంచి తరిమేస్తే వచ్చిన భార్య తాను తలదాచుకున్న చోటే భర్త, అత్తింటివారి క్రూరత్వంపై 498ఎ కేసు పెట్టవచ్చని తీర్పు చెప్పింది. ఇల్లు వదిలొచ్చినంత మాత్రాన మనసుకు తగిలిన గాయం ఆగదు, ఆ బాధ పుట్టింట్లోనూ కొనసాగుతుందన్నది కోర్టు చూపిన కారణం. నా దృష్టిలో వలస జిల్లా ఆడవాళ్లకు ఇంతకు మించి పనికొచ్చే తీర్పు లేదు. పాత 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. ఇందులో ఒక మెలిక ఉంది: ఫిర్యాదు బాధితురాలో ఆమె బంధువో ఇవ్వాలి. పక్కింటివాళ్లు చెబితే చాలదు.

అర్జీ ఇచ్చి, "కౌన్సెలింగ్‌కు పిలుస్తాంలే" అన్న మాట విని ఇంటికొచ్చేసి, కేసు పెట్టామనుకునేవాళ్లు ఎందరో. అర్జీ వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు. ఎఫ్‌ఐఆర్‌కు నంబరు, సంవత్సరం, సెక్షన్లు ఉంటాయి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వెసులుబాటు పోలీసులకు ఉంది. 85వ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష మూడేళ్లు. కాబట్టి ఈ కారణం చెప్పవచ్చు. అయితే అది 14 రోజుల మాటే, నెలల మాట కాదు. అందాకా అర్జీ నకలు మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి.

నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుంటే దాన్ని మీకు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. చదువు రాకపోతే మళ్లీ చదవమనండి. దెబ్బలు ఎక్కడ తగిలాయి, ఎవరెవరు కొట్టారు, కట్నం మాట వచ్చిందా, ఆసుపత్రికి ఎప్పుడు పోయారు అన్నవి అందులో ఉన్నాయో లేదో చూసుకున్నాకే వేలిముద్రైనా వేయండి.

ఇక కాపీ సంగతి. పాత చట్టం ఫిర్యాదు ఇచ్చినవారికే కాపీ ఇమ్మంది. కొత్త చట్టం బాధితులను కూడా చేర్చింది. అంటే అన్న పోయి ఫిర్యాదు ఇచ్చినా, దెబ్బలు తిన్న చెల్లెలు కాపీ అడగవచ్చు. వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. కాబట్టి అలాంటి కేసుల్లో కాపీ స్టేషన్‌లోనే తీసుకోవాలి.

నమోదుకే ఒప్పుకోకపోతే ఫిర్యాదును పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. గుంతకల్లు, తాడిపత్రి వాళ్లకు ఆ కార్యాలయం అనంతపురంలో ఉంది. 2022లో జిల్లా విడిపోయాక కదిరి, ధర్మవరం, హిందూపురం వాళ్లకు పుట్టపర్తి. సోమవారం ఫిర్యాదుల వేదికలోనూ ఇవ్వవచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. కేసు నమోదయ్యాక, 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులే మీకు తెలియజేయాలి.

ఎఫ్‌ఐఆర్ వద్దు, భర్త జైలుకు పోకూడదు, కొట్టకుండా ఉంటే చాలు అనుకునేవాళ్లకూ దారి ఉంది. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి గృహహింస ఘటన నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపుతారు. రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు ఈ దారిలో అడగవచ్చు. దీనికి ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. కోర్టు ఉత్తర్వు కాపీ కూడా ఉచితమే. ఆ ఉత్తర్వును భర్త మీరితే మాత్రం అది నేరమే. లాయరు కావాలంటే 15100కు ఫోన్ చేయండి. ఆదాయం ఎంతైనా సరే, ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం చట్టమిచ్చిన హక్కు. ఆపద క్షణంలో 112, సలహాకు 181.

కాపీ అందిన రోజే రెండు జెరాక్సులు తీయించి, ఒకటి అమ్మ దగ్గర, ఒకటి నమ్మకమైనవాళ్ల దగ్గర పెట్టండి. కొట్టే మనిషి ఉన్న ఇంట్లో మాత్రం దాచకండి.